నేను మగాణ్ణి కాదండీ అని మెయిల్ రాసిన సంగతి

"మామ్మా, మా సార్‌కి మెయిల్ పెట్టాలి. ‘గౌరవనీయులైన సార్‌కి’ అని రాసి అరగంట నుంచి కూర్చున్నా. తర్వాత ఏం రాయను?"

నన్నడుగుతున్నావా హారికా? నా మెయిళ్ళ సంగతి మీ అమ్మ చెప్పలేదా నీకు? తెనాల్లో మన వీధి వీధంతా తెలుసే. ఆ కుర్చీ ఇటు లాక్కో, చెప్తా.

నేను జంపనిలో అంగన్‌వాడీ టీచరుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యానా, ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. ఎప్పుడో ఇంటర్‌తో ఆగిపోయిన చదువు. దూరవిద్యలో బీఏకి కట్టాను. ఆదివారం ఆదివారం బాపట్లలో క్లాసులు. రేపల్లె నుంచి మస్తాన్‌బీ అని ఒకావిడ వచ్చేది, టైలరు. తెనాల్లో రైలు మారేది గదా, అక్కణ్ణించి ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నది, కాదు, పద్దెనిమిదేమో. సరేలే.

ఆఖరి ఏడు హాల్‌టికెట్ వచ్చింది. నా పేరు వెంకటరత్నం గదా, మా తాత పేరే నాకు పెట్టారు. చూద్దును గదా, ఫోటో నాదే, చీర కట్టుకునే ఉన్నా, పక్కన మాత్రం ‘పురుషుడు’ అని ఉంది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, అయితే పరీక్షకి నేనెళ్ళినా సరిపోద్దేమోనే అన్నాడు. నాకు నవ్వు రాలేదమ్మా. సరిచేయించుకోకపోతే హాల్లోకి రానివ్వరంట. ఏడాది పోద్ది. వారమే గడువు.

బాపట్ల పరిగెత్తాను. ఆఫీసులో అబ్బాయి, నోటితో చెప్తే కుదరదండీ, కోఆర్డినేటర్ సార్‌కి మెయిల్ పెట్టండి అన్నాడు. ఆ సార్ పక్కగదిలోనే కూర్చుని టీ తాగుతున్నాడు, నాకు కనపడుతూనే ఉన్నాడు. అయినా మెయిలే పెట్టాలంట.

ఇంటికొచ్చి ఫోను తీశాను. పైన ‘సబ్జెక్ట్’ అని అడిగింది. తెలుగు, చరిత్ర, రాజనీతి అని రాశాను. నవ్వకు, నా సబ్జెక్టులు అవేగా. ఇక కింద, పూజ్యులైన సార్ గారికి నమస్కరించి వ్రాయునది, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు, మీ అమ్మగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను, మా వైపు వానలు బాగా పడ్డాయి... ఇట్టా రాసుకుంటా పోయా. మా రోజుల్లో ముప్పావలా పెట్టి ఇన్‌లాండు కవరు కొంటే, మడత పెట్టే అంచుల మీద కూడా రాసేవాళ్ళం, ఖాళీ వదిలితే దండగని. ఆ అలవాటు. కింద పేరు పెట్టి పంపించేశా.

తెల్లారి జవాబొచ్చింది. ‘వెంకటరత్నం గారికి, మీ క్షేమ సమాచారం తెలిసి సంతోషం. విషయం తెలుపగలరు’ అని. అప్పుడు చూసుకుంటే ఏముంది, అంత రాసినదాన్ని అసలు హాల్‌టికెట్ మాటే ఎత్తలేదు.

మస్తాన్‌బీకి ఫోన్ చేస్తే, అక్కా, సార్‌కి బోలెడు మెయిల్స్ వస్తాయి, ఒక్క ముక్కలో రాసెయ్ అంది. సరేనని ఒక్క ముక్కే రాశాను. ‘నేను మగాణ్ణి కాదండీ.’ అంతే. పేరు లేదు, నంబరు లేదు. ఆ ఫోనులో మెయిలేమో మా ఆయన పేరు మీద ఉంది. అది నాకేం తెలుసు?

సాయంత్రానికి జవాబు. ‘సుబ్బారావు గారూ, మనసులో మాట ధైర్యంగా చెప్పినందుకు అభినందనలు. ఇందులో మా కార్యాలయం చేయవలసింది ఏమిటో తెలియలేదు.’

మా ఆయన అది చదివాడు. రెండు రోజులు నాతో మాట్లాడితే ఒట్టు.

ఇంక ఒక్కరోజే గడువుందనగా, ఆదివారం రైల్లో మస్తాన్‌బీ పక్కన కూర్చుని ఏడుపొక్కటే తక్కువ. అప్పుడందీ, "నా కొట్టుకొచ్చినవాళ్ళు ముందు ఎవరి జాకెట్టో చెప్తారక్కా, తర్వాత ఏం చెయ్యాలో, ఎప్పటికి కావాలో. నువ్వూ అట్టాగే రాయి."

అట్టాగే రాశాం. సబ్జెక్టు దగ్గర, హాల్‌టికెట్‌లో తప్పు సవరణ. నా పేరు, నంబరు. స్త్రీ అని ఉండాల్సినచోట పురుషుడు అని పడింది, దయచేసి రేపటిలోగా మార్పించగలరు, ఆధార్ కాపీ జతచేశాను, కృతజ్ఞతలు. బాపట్ల స్టేషన్లో దిగేలోపు పంపించాం. మర్నాటికి కొత్త హాల్‌టికెట్ వచ్చేసింది.

హాల్‌టికెట్ అయితే మారింది గానీ, పరీక్ష హాల్లో వాళ్ళ లిస్టు మారలేదు. ఆ ఇన్విజిలేటరమ్మ, వెంకటరత్నం గారు రాలేదా ఆయన, అని అటూ ఇటూ చూస్తోంది. మళ్ళీ మెయిల్ పెట్టమంటారేమోనని భయమేసి లేచి, "వచ్చాడండీ" అన్నాను. మస్తాన్‌బీ నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ మాత్రం సంతకం పెట్టించుకుని, కూర్చోండి సార్ అంది.

పాసయ్యాంలే ఇద్దరం. సర్టిఫికెట్ తీసుకోబోతే ఆ కోఆర్డినేటర్ సార్ బయటికొచ్చి, మీ మొదటి మెయిల్ మా అమ్మకి చదివి వినిపించానండీ, మీకు నమస్కారం చెప్పమంది అన్నాడు. మెయిల్లో అమ్మ క్షేమం ఆయన్నెవరూ అట్టా అడగలేదంట.

అందుకని చెప్తున్నా, నీకేం కావాలో ముందు రాయి. పేరు మర్చిపోకు. చివర్లో బాగున్నారా అని ఒక్క మాట రాస్తే తప్పేం లేదమ్మా. రాయి తల్లీ, చల్లగా ఉండు, అడిగిన చోటల్లా నీకు మంచి జవాబే రావాలి. ఊ, ఏదీ, ఆ ఫోనిటివ్వు, మెయిల్ ఎవరి పేరు మీద ఉందో చూద్దాం...