ఎలుగుల గుట్ట మీది నల్లమచ్చలు

పోలీసు చర్య జరిగాక రెండో ఎండాకాలం. నల్లమల గుట్టల కింద అడవి కచేరీ వరండా. తల్లి గుర్వమ్మ, నక్షాలు గీసే కొడుకు రఘుపతి.

"గట్టిగ మాట్లాడకు అమ్మా. లోపల సాబు ఉన్నడు."

"ఉంటె మంచిదే గద కొడుకా. ఆయనకే చెప్పుదామని వస్తి. మీ మామను పట్టుకపోయిండ్రు."

"ఏ మామను?"

"నీకెంతమంది మామలున్నర్రా? నా తమ్ముడు భీమయ్యను. పొద్దుగాల ఇప్పపువ్వు ఏరవోతె చెట్టుకిందనే పట్టిండ్రు పోలీసోళ్ళు. దళమోళ్ళకు అన్నం వండిపెడుతున్నవని వీపంత వాతలు తేలేటట్టు కొట్టిండ్రు."

"వండుతున్నడని ఎవలు చెప్పిండ్రట?"

"గాలిమోటరు చెప్పిందట! అది మీదికెల్లి ఫోటువలు తీసిందట. మన ఎలుగుల గుట్టమీద నల్లమచ్చలు వడ్డయట. అవి దళమోళ్ళ పొయ్యిలట. గీ బల్లమీదియి గవేనా?"

"ముట్టకు అమ్మా. ముట్టకు."

"ముడితె అరుగుతయా?"

"అవి పోలీసులకోసం తీసినయి కావు. అడవికోసం తీసినయి. ఏ గుట్టమీద బొంగు కొట్టొచ్చు, ఏ గుట్టను కొన్నేండ్లు ముట్టకుండ ఇడవాలె... అడవి పలచబడొద్దని. రెండు ఫోటువలు పక్కపక్కన వెట్టి గీ అద్దాలల్ల సూస్తె గుట్టలు లేసి నిలవడ్డట్టే కనవడ్తయి."

"ఏది, సూడనియ్యి. అబ్బో! అగ్గో, అది మన గుట్టనే! ఓరి రఘుపతీ, గీ మచ్చలు ఇప్పచెట్ల కిందియి గాదుర?"

"మెల్లగ, అమ్మా."

"రాలినాకు ఊడ్చి కాలవెట్టకుంటె పువ్వు ఎట్ల ఏరుకుంటం? ఆకుల్ల వడి కనవడదాయె. ఏటా కాలవెడ్తం. గీ మాత్రం తెల్వని గుడ్డోడెవడో పొయ్యిలన్నడు! వాని కండ్లల్ల మన్నువడ!"

"తిట్టకు."

"తిట్టక మొక్కాల్నా? నువ్వు చెప్పు సాబుకు. నువ్వెన్నిసార్లు నిప్పువెట్టలే? ఎలుగొడ్డు రాకముందే పోదాం లెవ్వమని నన్ను నువ్వే లేపుతుంటివి."

"చెప్పుదాం... జర ఆగు."

"ఆగుడేంది? వాడు అక్కడ దెబ్బలు తింటాంటె!"

"సాబు నన్నడిగిండు. గీ మచ్చలేంది రఘుపతీ, అని."

"మరి చెప్తివా?"

"కచేరిల నేను పట్నపోణ్ణని చెప్పుకున్న అమ్మా. ఒకపారి ఇప్పపువ్వు మాటొస్తె, సారాకు పువ్వులేరుకునేటోళ్ళని అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన."

"మచ్చల సంగతి అడుగుతున్న నేను."

"తెల్వదన్న. పొయ్యిలు గావొచ్చునా అని సాబు అడిగితె... గావొచ్చు సాబ్ అన్న."

"నువ్వా?"

"పోలీసులదాంక పోతదనుకోలే అమ్మా. కొట్టు నన్ను. ఒక్కటి కొట్టు."

"కట్టె ఇరిగేదాంక కొట్టినా మీ మామ ఒక్కటే మాటన్నడట. మా అల్లుడు అడవి కచేరిల ఉన్నడు, గాయినకన్ని ఎరుకే, గాయిన్ని అడుగుండ్రి అని."

"సిగ్గయితాంది. మనిషి మొకం సూడబుద్ధైతలేదు. చెప్త అమ్మా. ఇప్పుడే లోపలికి పోయి చెప్త. కొలువు పోతె పోనియ్యి."

"నడువు మరి. నేను సుత వస్త. అగ్గో, సాబే బయటికొస్తున్నడు."

"ఏమయ్యా రఘుపతీ, బయట ఏం గొడవ? ఎవరామె?"

"సాబ్... ఈమె... మా..."

"మీ మనిషా?"

"కాదు సాబ్. ఎవరో ఊరామె. అర్జీ ఇయ్యొచ్చిందట."

"అవు దొరా, ఊరిదాన్నే. ఎలుగుల గుట్టమీద నల్లమచ్చలు నేను వెట్టినయి. ఇప్పచెట్ల కింద ఆకు కాలవెడితి. పట్టుకపోతె నన్ను పట్టుకపోండ్రి, నా తమ్ముణ్ణి ఇడిపియ్యుండ్రి. గీ సారును మాత్రం ఏమనకుండ్రి దొరా. పట్నపాయినె గద, ఎన్నడన్న ఇప్పపువ్వు ఏరిండా పాపం!"