పైడయ్య కట్టిన నేస్తాలు

అరకు సంతలో ఉప్పుకొట్టు అరుగు మీద పైడయ్య చతికిలబడ్డాడంటే ఇక ఆ పక్క బేరాలు సాగవు. ఎండుచేపలమ్మే ముసలమ్మలు సైతం బుట్టలు మూసుకుని ఇటే తిరుగుతారు. పైడయ్య దిగువ పట్నం హైస్కూలు బంట్రోతు. భుజాన ఎర్ర డవాలీ, దాని మీద ఇత్తడి బిళ్ల, నోట్లో అడ్డపొగ చుట్ట, చుట్ట తీస్తే కోతలు. ఆర్నెల్ల పరీక్షలు అయ్యాక కొండ మీదికొచ్చి, హాస్టల్లో వెయ్యడానికి కొత్త గుంటల్ని, అంటే మగపిల్లల్ని, పోగుచేసుకుని దిగడం అతని పని. ఊరికే తీసుకుపోడు. గుంటడి తండ్రితో నేస్తం కడతాడు. ఒకే అడ్డాకు దొప్పలో జీలుగుకల్లు చెరిసగం తాగి, ఇకనుంచి నీ కొడుకు నా కొడుకే అంటాడు. కొండ మీద ఆ మాటకి తిరుగులేదు. నేస్తం కొడుకు జబ్బు పడితే పక్కన కూర్చోవాలి, చస్తే కన్నవాడు చేసేవన్నీ చెయ్యాలి. పైడయ్యకి ఈ చుట్టుపట్ల ఊరికో నేస్తం ఉన్నాడు. వాళ్ల మొహాలు మాత్రం అతనికి గుర్తుండవు.

సుక్రు ఆ నేస్తాల్లో ఒకడు. జనం వెనకాల గొంతుక్కూర్చున్నాడు. నిరుడు ఇదే సంతలో కల్లు తాగి తన కొడుకు మంగ్లుని అప్పజెప్పాడు. వానాకాలంలో, ఎడ్ల మీద ఉప్పు మోసుకొచ్చే ఉప్పెడ్లవాళ్లు కబురు తెచ్చారు, గుంటడు జ్వరమొచ్చి పోయాడని. అంతే, మరో ముక్క లేదు. పోయినవాణ్ణి సాగనంపేచోట, తనవాడెవడో ఒకడు నిలబడి పేరు పెట్టి ఇంటికి రమ్మని పిలవాలి. పిలిస్తేనే జీవం దారి పట్టుకుని కొండెక్కుతుంది, ఇంటి మూలన, పోయిన పెద్దల దగ్గర చేరుతుంది. లేకపోతే పరాయిచోట దిక్కులేక తిరుగుతుంది. తాను లేడు, సరే. నేస్తం ఉన్నాడు కదా, పిలిచే ఉంటాడు. ఆ ధైర్యంతోనే పెళ్లాం చిన్నమ్మి రోజూ ఆ మూలన ఇంత చోడంబలి పెడుతోంది. పిలిచావా అని ఒక్క మాట అడిగి పోదామని సుక్రు వచ్చాడు. అడగడానికి పైడయ్య నోరు మూస్తేగా.

మొదట్లో చిన్నగానే ఎత్తుకున్నాడు. ఈ ఆర్నెల్లలో స్కూలు బాగా పుంజుకుందని, పరీక్షల్లో ఒక్కడు తప్ప అందరూ గట్టెక్కారని, ఆ ఒక్కడూ హెడ్మాష్టరి బామ్మర్దనీ చెప్పాడు. జనం నవ్వారు. ఇంకేముంది, పైడయ్యకి పూనకం వచ్చేసింది. ఇనస్పెక్టరు దొర తనిఖీకి వచ్చాడట. కొండ గుంటడొకణ్ణి లేపి లెక్క అడిగితే, దొర నోట్లోంచి లెక్క పూర్తిగా రాకముందే జవాబు చెప్పేశాడట. మరో లెక్కకీ అంతే. ఆ పైన దొర రేపు అడగబోయే లెక్కలకి కూడా ఇవాళే జవాబులు చెప్పేశాడట.

"ఆ తరవాత ఏటైందో తెలుసా? దొర టోపీ తీసి ఆ గుంటడి నెత్తినెట్టీసి కుర్సీ దిగిపోనాడు. నువ్వే కూకోరా బాబూ అన్నాడు. సాయంత్రందాకా దొర నేలమీద కూకుని పలక మీద ఓనమాలు దిద్దుతానే ఉన్నాడు."

ఆ గుంటడిది ఏ ఊరని బుధు అడిగాడు. బుధు పై ఊరి పెద్ద. ఈసారి ఆ ఊరి నుంచి గుంటల్ని పంపాలా వద్దా అన్నది అతని మాట మీదే ఉంది. ఏదో కొండూరేలే అని పైడయ్య చెయ్యి విసిరి ముందుకెళ్లిపోయాడు. వెనకాల సుక్రు మెడ సాచాడు. మంగ్లుకి చింతపిక్కలతో లెక్క చెప్పడం బాగా వచ్చేది. పైడయ్య చెప్పేది కోతేనని తెలుసు. అయినా అది తన కొడుకు గొప్పేనేమోనని, ఇంకాస్త చెబితే బాగుండునని మనసు పీకింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

ఇక బంతాట. పట్నంలో తెల్లదొరల జట్టుతో పందెమట. కొండ గుంటడు తన్నిన తన్నుకి బంతి మబ్బుల్లో దూరిపోయిందట. దొరలు పైకి చూసి చూసి మెడలు పట్టేసి ఆస్పత్రిలో చేరారట. ఆ బంతి దిగిందా ఇంకా అక్కడే ఉందా అని కొట్టు రత్నాలు ఉప్పు కొలుస్తూనే వెటకారమాడింది. దిగకేం, భీమిలి సముద్రంలో పడిందన్నాడు పైడయ్య. ఆ దెబ్బకి లేచిన కెరటం వచ్చి స్కూలు గోడలు కడిగేసిందట, అందుకే ఈ ఏడు సున్నం వెయ్యలేదట.

గుంటలకి కడుపునిండా పెడతారా బాబూ అని బుధు మళ్లీ అడిగాడు. పెట్టడమా? అన్నం రాశి పోస్తే నిచ్చెన వేసుకుని ఎక్కి తవ్వుకోవాలట. పప్పు గుండిగలో పడవ దించి తెడ్లతో కలుపుతారట. సెలవులకి ఇంటికి పొమ్మంటే గుంటలు స్తంభాలు కావలించుకుని ఏడుస్తారట. జనం నవ్వుతూనే ఉన్నారు గానీ కొందరు తల్లుల కళ్లలో ఆశ కదిలింది. వానాకాలమంతా మామిడిటెంకల పిండి కాచుకు తాగేవాళ్లకి, కోత అని తెలిసినా అన్నం మాట వింటే నోరూరుతుంది. నిరుడు సుక్రు పడింది కూడా ఆ అన్నం మాటకే.

బుధు ఊరుకోలేదు. మొన్నటి వానల్లో అక్కడెవరో గుంటడు పోయాడని విన్నాం, నిజమేనా అన్నాడు. పైడయ్య చుట్ట తీసి, అరుగు మీద గొంతుక్కూర్చుని, డవాలీ సర్దుకున్నాడు.

"ఎవడు బాబూ నీకు సెప్పినాడు? మా హాస్టల్లో సావన్నదే నేదు. ఆ వానల్లో యముడే వొచ్చినాడు. దున్నపోతు మీద గేటుకాడ నిలబడి, ఒక గుంటణ్ణి తీసుకెల్లాల అన్నాడు. నాను కర్ర అడ్డమెట్టినాను. హెడ్మాష్టరుగారి సంతకం ఏదీ అన్నాను. నేదన్నాడు. నేకపోతే బేగి ఎల్లిపో అని దున్నపోతుని కూడా ఒక్కటేసి తోలీసినాను. ఆళ్లు నా పిల్లలయ్యా. నానుండగా ఎవడు తీసుకెల్తాడు?"

నవ్వుల్లోంచి సుక్రు లేచాడు. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"అయితే మా గుంటణ్ణి ఇచ్చీ నేస్తం. తీసుకుపోతాను."

పైడయ్య మొహాన నవ్వు ఇంకా ఉంది. నీది ఏ ఊరని అడిగాడు. సుక్రు ఊరు చెప్పాడు, నిరుటి సంత చెప్పాడు, దొప్పలో కల్లు సగం తాను తాగి సగం అతనికిచ్చింది చెప్పాడు. పైడయ్య నవ్వు అప్పుడు ఆరిపోయింది. రత్నాలు కుంచం కింద పెట్టేసింది. బుధు పైడయ్యనే చూస్తున్నాడు.

పైడయ్య, ఆ గుంటడికి జ్వరం తగిలిందనీ ఎన్నో రోజులు ఉండలేదనీ చెప్పాడు. ఎడతెరిపిలేని వానట. ఏ కులంవాళ్లూ ముట్టుకోమన్నారట. పాతడానికి జాగా ఇచ్చినవాడు లేడట. చివరికి వాననీళ్లతో పొంగి పారుతున్న గెడ్డలో వదిలేశారట. ఎవరు వదిలారని సుక్రు అడిగితే, నానే, భుజాన ఏసుకుని నానొక్కణ్ణే ఎల్లినాను అన్నాడు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ఊపు లేదు. అది నిజమేనని సుక్రుకి తెలిసిపోయింది. పరాయివాళ్లు కాదు, నేస్తమే మోశాడు. ఇప్పటిదాకా విన్న కోతలన్నీ అక్కడికక్కడే మాఫీ చేసేద్దామనిపించింది.

"వొదిలినప్పుడు పేరెట్టి పిలిచినావా? ఇంటికెల్లిపో అని?"

"పిలిచినాను నేస్తం. పిలవకేటి."

"ఏటని పిలిచినావు?"

పైడయ్య పెదాలు కదిలాయి. దున్నపోతునీ బంతినీ క్షణంలో అల్లిన నోటికి ఒక్క పేరు దొరకలేదు. అటూ ఇటూ చూశాడు, రత్నాలు వైపు చూశాడు, ఎవరైనా అందిస్తారేమోనన్నట్టు. ఎవరూ అందించలేదు.

"గుంటడా అని పిలిచినాను," అన్నాడు.

"గుంటడా అంటే ఆడికెలా తెలుస్తాది, తననేనని?"

బుధు కర్ర అందుకుని లేచి, తన ఊరివాళ్లని రమ్మన్నాడు. ఒక్కొక్కరే బుట్టలెత్తుకుని వెళ్లిపోయారు. ఈసారి ఎవరూ కల్లుదొప్ప అందుకోలేదు.

సుక్రు ఇంటికి పోలేదు. ఘాటీ దారి పట్టి దిగువకి నడిచాడు. ఏ గెడ్డ అని అడిగి ఉంటే పైడయ్య ఏదో ఒకటి చెప్పేవాడే, కానీ ఆ నోటి మాట ఇక నమ్మడమెలా? అందుకని దారికి అడ్డొచ్చిన ప్రతి గెడ్డ దగ్గరా ఆగి, నీళ్లలోకి దిగి, మంగ్లూ, ఇంటికి రారా అని పిలుచుకుంటూ పోయాడు.