భుజం మీది చెయ్యి

ఉదయాన్నే పత్రికాఫీసుకు వచ్చిన ఒకామె, ఉపసంపాదకుడి బల్ల మీద ఆనాటి పేపరు పరిచి, ఫొటోలో ఒకచోట వేలు పెట్టింది.

“ఇతని భుజం మీదున్న చెయ్యి ఎవరిదో తెలుసాండీ?”

“అందులో ఇంకెవరో ఉన్నారమ్మా. నిందితుడి వరకే కత్తిరించాం.”

“అది మా అక్క చెయ్యి. నర్సు కదా, నాడి చూడ్డానికి వీలుగా వాచీ లోపలివైపుకి తిప్పి పెట్టుకునేది. మా బావ చంపింది తననే.”

“అయ్యో, చూసుకోలేదమ్మా.”

“నాలుగు రోజులుగా ఆయనగారి చదువు, క్రికెట్టు, జైల్లో అన్నం ముట్టకపోవడం, అన్నీ రాశారు. అక్కని మాత్రం ‘భార్య’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు.”

“జనం అతని గురించే చదువుతారమ్మా. సరే, మీ అక్క ఫొటో ఉంటే ఇవ్వండి, చూద్దాం.”

“నన్నడుగుతారేంటి? మీరు కత్తిరించి పారేసిన సగంలో ఉంది.”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

“వెతకండి. ఈలోపు పేరు చెబుతాను, రాసుకోండి.”