దొరస్వామి గారు తిరగరాసిన నివేదిక

1991 జూలై 4న తిరుత్తణి పశువైద్యశాలలో గుమాస్తాగా ఉద్యోగంలో చేరిన శ్రీ దొరస్వామి గారు, తిరువళ్ళూరు జిల్లా కార్యాలయంలో పదిహేడేళ్ళు పనిచేసి, ఆ తరువాత మన పశువైద్య కళాశాల ఉపకార వేతనాల విభాగానికి వచ్చి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మణవాళనగర్‌లోని ఇంటి నుంచి రోజూ అందరికంటే ముందొచ్చినా కుర్చీలో కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. ప్రభుత్వ ఉపకార వేతనం ఎవరికి వస్తుంది, ఫీజు రాయితీ ఎవరికి చెల్లుతుంది, బ్యాంకు రుణం ఎవరికి మేలు అని విద్యార్థులను వెతుక్కుంటూ వెళ్ళి మరీ చెప్పేవారు.

ఏ దారీ లేనివారికి మిగిలేది పూర్వ విద్యార్థుల సహాయ నిధి ఒక్కటే. దానికి దరఖాస్తు చేసినవారి ఇల్లు చూసి అవసరాన్ని నిర్ధారించే బాధ్యత దొరస్వామి గారిదే. నిరుడు రెండో సంవత్సరం విద్యార్థిని సింధూర దరఖాస్తుపై పళ్ళిపట్టు దగ్గరి ఊరికి వెళ్ళారు. తల్లి గోవిందమ్మ గారు వడా పాయసాలతో భోజనం పెట్టారు. వసారాలో కొత్త కుర్చీలు, దొడ్లో రెండు పాడి ఆవులు. దొరస్వామి గారు తృప్తిగా తిని, సహాయం అవసరం లేదని నివేదిక రాశారు.

నెల తరువాత వేరే పనిమీద అదే వీధికి వెళ్ళి, పలకరిద్దామని ఆగితే కుర్చీలూ లేవు, ఆవులూ లేవు. హాస్టలు బాకీ కట్టలేక సింధూర చదువు మానబోతోందని అప్పుడే తెలిసింది.

"ఆవులు యాడికి పోయినాయమ్మా?" అన్నారు.

"అవి ఎదురింటోళ్ళవి అయ్యా. కుర్చీలు మా వదినోళ్ళవి. ఆఫీసరు ఇంటికి వస్తావుంటే లేనోళ్ళ మాదిరి ఎట్ల కనపడేది? పాప చదువుకే అడ్డమొస్తాదని తెలిసుంటే చేసుందునా!" అని గోవిందమ్మ గారు కంటతడి పెట్టారు.

ఆ వారమంతా దొరస్వామి గారికి అన్నం సయించలేదు. చివరికి తన నివేదిక తప్పని, నిధి మంజూరు చేసే సంఘానికి స్వయంగా రాయడానికి కూర్చున్నారు.

"రిటైరయ్యే టైంలో నీకెందుకన్నా? మెమో ఇస్తే పెన్షన్ కాగితాలు నిలిచిపోతాయి" అని మా విభాగం ఎలుమలై ఆపబోయాడు.

"తప్పు చేసినోడు నేను, చదువు మానేది ఆ పాపనా?" అని సంతకం పెట్టేశారు.

మెమో రానే వచ్చింది. సంఘం కూర్చున్న రోజు వారు నిలవలేక వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నారు. సాయంత్రానికి సింధూరకు చదువు ముగిసేదాకా సహాయం మంజూరైంది. ఇక మనిషి కుదుటపడతారని మేమంతా సంతోషించాం.

మరునాడు చూస్తే బీరువాలోని పాత దరఖాస్తులన్నీ బల్లమీద ఉన్నాయి. "ఇంకెన్ని ఇండ్లల్లో కడుపునిండా తిని, అవసరం లేదని రాసినానో ఎలుమలై!" అన్నారు.

అలా తిరస్కరించినవి పంతొమ్మిది తేలాయి. ఆ విద్యార్థుల్లో ఎవరు చదివారో, ఎవరు మానేశారో వచ్చే నెల నుంచి ఇంటింటికీ వెళ్ళి కనుక్కుంటారట. విశ్రాంతి తీసుకోండని చెప్పడానికి మాకు నోరు రావడం లేదు. ఆ పంతొమ్మిది గడపలూ ఎక్కగల ఆరోగ్యాన్నీ, అక్కడ వినవలసినవన్నీ విని తట్టుకోగల దీర్ఘాయుష్షునూ భగవంతుడు వారికి ప్రసాదించుగాక.