విరిగిన బొమ్మకు మార్కులు

పెద్దలకూ, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన టీచరమ్మలకూ, ముందు వరుసలో తలవంచుకుని కూర్చున్న మా బావగారికీ నమస్కారం. మా చెల్లెమ్మ సంతాపసభకు ఇంతమంది వస్తారని మేం అనుకోలేదు. కుర్చీలు చాలక పక్క బడి నుంచి పిల్లల కుర్చీలు తెచ్చి వేశారు. మోకాళ్లు గడ్డానికి తగులుతూ వాటిలో ఇరుక్కుని కూర్చున్నవాళ్లు కాస్త ఓర్చుకోండి. మా చెల్లెమ్మ ఉద్యోగమంతా అలాగే కూర్చుని చేసింది.

చెల్లెమ్మ అంటున్నానే గానీ నేను ఆమెకు తోడబుట్టినవాణ్ణి కాను. ఆఫీసులో పక్క టేబుల్‌వాణ్ణి. ప్రభుత్వ డబ్బుతో నడిచే పసిపిల్లల బడులు ఎలా ఉన్నాయో చూసి మార్కులు వేయడం మా ఇద్దరి పని. నేను గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. ఆమె మాత్రం లోపలికి వెళ్లి, ఒక చిన్న కుర్చీ లాక్కుని, పిల్లల మధ్య కూర్చునేది. అందుకే ఆమెకు ‘చిన్నకుర్చీ’ అని పేరు పెట్టాం. వెటకారానికే పెట్టాం. ఆమె దాన్ని బిరుదులా పుచ్చుకుంది.

ఒకసారి కొత్త భవనం చూడ్డానికి వెళ్లాం. పెద్ద పెద్ద కిటికీలు, బోలెడు వెలుతురు. నేను మురిసిపోయాను. ఆమె చిన్న కుర్చీలో కూర్చుని, “ఇక్కణ్ణుంచి చూస్తే గోడ తప్ప ఏమీ కనబడదన్నయ్యా” అంది. నేనూ కూర్చుని చూశాను. నిజమే, గోడే. ఆ కిటికీలు ఎవరికోసం కట్టినట్టు?

ఇక బస్సు గ్యారేజీ వెనక బడి సంగతి. ఆ రోజు అరల నిండా బొమ్మలు తళతళలాడుతున్నాయి. ఒక్కదానికీ గీత లేదు. పూర్తి మార్కులు వేద్దామని పెన్ను తీశాను. ఇంతలో ఒక పిల్ల వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, మా చెల్లెమ్మ చెవిలో అడిగింది: “ఇవాళ ఆడుకోవచ్చా?”

ఆ బొమ్మలు ఎప్పుడూ బీరువాలోనే ఉంటాయన్నమాట. మేం వచ్చిన రోజే బయటికి వస్తాయి. నాకు ఒళ్లు మండింది. టీచరమ్మను కడిగేద్దామనుకున్నాను. చెల్లెమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, ఎందుకమ్మా తాళం వేశావని మెల్లగా అడిగింది. టీచరమ్మ బెదిరిపోతూనే చెప్పింది: “లారీ బొమ్మ చక్రం ఊడిందని పోయినసారి మీవాళ్లే మార్కులు కోశారు మేడం.”

కోసిన మాట నిజమే. బొమ్మలు చెక్కుచెదరకుండా ఉండాలన్నది మా ఆఫీసు పెట్టిన నియమమే. ఏ బడిలో పిల్లలు బొమ్మ ముట్టుకోరో ఆ బడికే మేం మంచి మార్కులు వేస్తూ వచ్చాం. తిరిగి వస్తుంటే జీపులో ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, “మనం ఇన్నాళ్లూ బీరువాలకి మార్కులు వేశాం అన్నయ్యా” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తూనే ఉంది.

ఆడి ఆడి విరిగిన బొమ్మకు మార్కులు వేయాలని ఆమె మీటింగులో అడిగింది. అందరూ పగలబడి నవ్వారు. విరిగిన బొమ్మ బదులు కొత్తది పంపాల్సింది మన ఆఫీసే, పంపకపోతే మనకే మార్కులు కోయాలి అంది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆమె ప్రమోషన్ అక్కడే ఆగిపోయింది. అయినా పట్టు విడవలేదు. చివరికి మా పరిధిలోని బడుల్లో అది అమలు చేయించింది. బీరువాల తాళాలు తీయించింది.

తర్వాత మంచాన పడింది. ఆమె ఆసుపత్రిలో ఉండగానే పాత నియమం మళ్లీ తెచ్చారు. ఈ సంగతి ఆమెకు ఎవరు చెబుతారు? ఏ నోటితో చెబుతారు? ఆఖరిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు తన జబ్బు సంగతి ఎత్తనే లేదు. “గ్యారేజీ వెనక బడిలో బీరువా తెరిచే ఉందా అన్నయ్యా?” అని అడిగింది. తెరిచే ఉందమ్మా అన్నాను. నా చెయ్యి నొక్కి కళ్లు మూసుకుంది.

డైరెక్టరుగారూ, పని మానుకుని వచ్చారు, మీకు కృతజ్ఞతలు. పోయే మనిషికి నేను చెప్పింది అబద్ధం. ఆ బీరువాకు మళ్లీ తాళం పడింది. నా అబద్ధాన్ని నిజం చేయడం నా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది. ఇంతకంటే ఎక్కువ మాట్లాడితే ఏడుపొస్తుంది నాకు.

ఆమె ఫొటో పక్కన మూడు చక్రాల లారీ బొమ్మ ఉంది చూశారా? ఆ టీచరమ్మే తెచ్చి పెట్టింది.

ఇక అందరం లేచి నిలబడదాం. చడీచప్పుడు లేని పసిపిల్లల బడి కనబడితే మా చెల్లెమ్మకు గుండెల్లో దడ. మౌనం ఆమెకు గిట్టదు. అయినా ఈ కాసేపు పెద్దవాళ్లం మౌనంగా ఉందాం. పిల్లలు గోల చేస్తే చేయనివ్వండి. ఆ లారీ కావాలని ఎవరైనా అడిగితే ఇచ్చేయండి.