ముళ్ళచేప యంత్రానికి చోటు వెతికిన దోన్ ఎరిబెర్తో

ఈ సభను నడిపిస్తున్న మన కేయోన్ సహకార సంఘం అధ్యక్షులు దోన్ ఎలూటెరియో బార్రియాకు, నాకంటే ముందే వచ్చి పొయ్యి పక్క కుర్చీలన్నీ ఆక్రమించుకున్న పెద్దలకు (నవ్వులు), వానలో తడుస్తూనే వచ్చిన పడవల వాళ్ళకు, వాళ్ళ ఇళ్ళలోని అమ్మలకు, అక్కలకు, అందరికంటే ముఖ్యంగా ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న, అలా చేయడం నాకు సుతరామూ ఇష్టం లేని దోన్ ఎరిబెర్తో మన్సీయాకు, రేడియో గదిలో పనిచేసే మిరేయా ఒయార్సో నమస్కారాలు.

వెనకాల గుంటలో వేడి రాళ్ళ మీద మన విందు కురాంతో, గవ్వలూ మాంసమూ దుంపలూ అన్నీ కలిసి ఉడుకుతోంది కాబట్టి త్వరగా ముగించమని అధ్యక్షులవారు నా చెవిలో చెప్పారు. ప్రయత్నిస్తాను.

దోన్ ఎరిబెర్తో ఏం చేసేవారో ఇక్కడ చాలామందికి సగమే తెలుసు. గ్వైతేకాస్ దీవుల కొండల వెనక్కి పడవ వెళ్ళిందంటే మన రేడియోకు అందదు. అక్కడి నుంచి పడవలోని చిన్న పెట్టె ఉపగ్రహం మీదుగా పంపే నాలుగు ముక్కల సందేశమే మనకు ఆధారం. ఆ సందేశాన్ని అందుకుని, ఏ పడవ ఎక్కడుందో నాకూ, మీ ఇళ్ళకూ చూపించే యంత్రాన్ని కట్టింది ఆయన. అందరూ వాడే కంప్యూటర్ వ్యవస్థ మీద కాదు, ఓపెన్‌బిఎస్‌డి అనే, ఈ దీవిలో ఆయన తప్ప ఇంకెవరూ వాడని దాని మీద. దాని గుర్తు ఒళ్ళంతా ముళ్ళున్న చేప. ఆ బొమ్మ యంత్రం మీద అంటిస్తే, "ఇది తినే చేపేనా దోన్ ఎరిబెర్తో?" అని పడవల వాళ్ళు ఏడిపించేవారు. ఆయన "తింటే చస్తావ్, పో" అనేవారు. (నవ్వులు)

పోయిన శరత్కాలంలో రేవు పాత భవనం కూల్చేస్తామని కబురొచ్చింది. యంత్రం ఉన్నది అందులోనే. అప్పటికే ఉప్పుగాలికి దాని లోపల పచ్చగా తుప్పు పట్టింది. కొత్తది కొని ఇంకో తడి గదిలో పెట్టే బదులు, బయట ఊళ్ళో నమ్మకమైన చోట సర్వరు అద్దెకు తీసుకుందామని సంఘం తీర్మానించింది. ఆ సమావేశంలో దోన్ ఎలూటెరియో అన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది. "అయ్యా, లోకమంతా వాడేదే మనమూ వాడితే ఏం పోయింది? ఆ ముళ్ళ చేపకి ఇల్లెవడిస్తాడు?" తప్పు మాటేమీ కాదు. దోన్ ఎరిబెర్తో కూడా కాదనలేదు. "మార్చచ్చు. రాసిందంతా మళ్ళీ రాయాలి. చలికాలం ముంచుకొస్తోంది, సగం రాసినదాన్ని నమ్మి మనుషుల్ని సముద్రంలోకి పంపమంటారా?" అన్నారు.

అలా మొదలైంది మా వెతుకులాట. మొదట ఫోన్ చేసిన కంపెనీవాళ్ళు ఏ వ్యవస్థయినా సరేనన్నారు. మాదేదో చెప్పగానే అటువైపు అమ్మాయి "మా జాబితాలో ఉన్నవాటిలో ఏదయినా అండీ" అంది. రెండో కంపెనీ జాబితాలో మాత్రం మన చేప పేరు స్పష్టంగా ఉంది. దోన్ ఎరిబెర్తో మొహం వెలిగిపోయింది. పెళ్ళి సంబంధం కుదిరినట్టు నాకు మతె తేనీరు కలిపి ఇచ్చారు. కొన్నాళ్ళు వాడి చూడమంటే చూశాం. బాగానే నడిచింది. ఒకసారి ఆపి మళ్ళీ లేపితే లేవలేదు. ఎందుకు లేవలేదో మాకు కనిపించదు, వాళ్ళను అడిగితే "మా వైపు దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయండీ" అంటారు. రోజంతా అదే జవాబు. సాయంత్రానికి ఆయన కుర్చీలో ఎంత చిన్నగా కనిపించారంటే, కాళ్ళ మీద కంబళి కప్పాను.

నాకు ఆ యంత్రాల గురించి అప్పటికి ఏమీ తెలియదు. నాకు తెలిసింది భయం ఒక్కటే. నా తమ్ముడు నిబాల్దో వేటకు సముద్రంలోకి దిగేది ఆ దీవుల వెనకే. అందుకే మూడోసారి, వల్దీవియాలో ఒక చిన్న కంపెనీకి ఫోన్ చేసినప్పుడు, ఆయన మాట్లాడుతుండగానే ఫోన్ లాక్కున్నాను. క్షమించాలి దోన్ ఎరిబెర్తో. (నవ్వులు) "అమ్మాయ్, మా యంత్రం లేవకపోతే దాని మొహం మేం చూడగలమా?" అని అడిగాను. అవతల ఉన్నది రాయేన్ అనే అమ్మాయి. ఆమె నవ్వలేదు. "చూడచ్చక్కా. యంత్రం చచ్చిపోయినా దాని తెర మీకు కనిపిస్తుంది, అక్కడి నుంచే టైపు చేయచ్చు. మీ వ్యవస్థ మాకు రాదు, బాగుచెయ్యమంటే మా వల్ల కాదు. కానీ మీరు బాగుచేసుకోడానికి అడ్డం మాత్రం పడం" అంది. మాకు రాదు అని ఒప్పుకున్న మొదటి మనిషి ఆ అమ్మాయే. దోన్ ఎరిబెర్తో ఫోన్ తిరిగి తీసుకుని, "అయితే నేను దాన్ని కావాలనే పాడుచేస్తాను, చూస్తూ ఉండు" అన్నారు. పాడుచేశారు. లేపారు. మళ్ళీ ఇంకో రకంగా పాడుచేశారు. వారమంతా అదే పని. ఆ తర్వాతే సంతకం పెట్టమని అధ్యక్షులకు చెప్పారు.

(విరామం)

ఇక ఆ తుఫాను రోజు సంగతి. పాత యంత్రాన్ని ఆపేసి ఎన్నాళ్ళో కాలేదు. కోర్కొవాదో అఖాతం మీద గాలి రేపు వస్తుందన్నారు, ఆ రోజే వచ్చింది. మధ్యాహ్నానికి నా తెర మీద పడవలు కదలడం మానేశాయి. గాలికి ఆగాయనుకున్నాను. కాదు, యంత్రమే ఆగింది. వల్దీవియాలో ఏదో పరికరం పాడయితే మన సర్వరును ఇంకోదాని మీదికి మార్చారట, మార్చిన చోట డిస్కుకు వేరే పేరు పడింది, మనది పాత పేరు వెతుక్కుంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా రేడియో గది తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు. మా అమ్మ కూడా వాళ్ళలో ఉంది.

దోన్ ఎరిబెర్తో వచ్చి కూర్చున్నారు. రాయేన్ ఫోన్లో ఉంది. తెర వచ్చింది, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. ఆయన ముందుకు వంగారు, వెనక్కి వాలారు, కళ్ళద్దాలు తీసి తుడిచారు. తర్వాత నాకు మాత్రమే వినపడేలా అన్నారు, "మిరేయా, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. నువ్వు చదువు, నేను కొడతా." నేను చదివాను. అర్థం కాకుండానే ఒక్కో అక్షరం చదివాను. ఆయన కొట్టారు. తప్పు పడింది, మళ్ళీ కొట్టారు. యంత్రం లేచింది. అంతవరకూ పడవల పెట్టెలు పట్టు వదలకుండా పంపుతూనే ఉన్న సందేశాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. వాటిలో నిబాల్దోది, "ఇంజను పోయింది, మెలిన్కా పక్క పాయలో ఉన్నాం, లంగరు జారుతోంది" అని.

నౌకాదళం పడవకు నేనే చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాళ్ళు చేరేసరికి పడవ బండల మీదుంది, మనుషులు ఒడ్డున ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారట. పడవ పోయింది. మనుషులు వచ్చారు. అదిగో, మిల్కావో దుంపరొట్టెల పళ్ళేనికి దగ్గరగా కూర్చున్నాడు చూడండి. నిబాల్దో, చేయి పైకెత్తరా, తింటున్నది కింద పెట్టి. (నవ్వులు, చప్పట్లు)

మోకాళ్ళ నొప్పుల వల్ల మానేస్తున్నానని దోన్ ఎరిబెర్తో మీకు చెప్పారు. అసలు మాట చెప్పడానికి నిన్ననే అనుమతి తీసుకున్నాను. ఆయన మానేస్తున్నది ఆ అలుక్కుపోయిన అక్షరాల వల్ల. వైద్యుడు చూశాడు, కళ్ళు ఇక పెద్దగా బాగుపడవన్నాడు. "ఇంకోసారి నువ్వు పక్కన లేకపోతే?" అన్నారాయన. ఆ మనిషి గొంతులో నేను భయం విన్నది అప్పుడే.

అందుకని ఈ వేసవంతా నాకు నేర్పారు. పోయిన వారం సముద్రం అద్దంలా ఉండి పడవలన్నీ రేవులో ఉన్నప్పుడు, యంత్రాన్ని పాడుచేసి, "లేపు" అని చెప్పి బయటికెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. తలుపు సందులోంచి ఆయన బూట్లు కనిపిస్తున్నాయి. లోపలికొస్తారేమోనని చూశాను, రాలేదు. చెమటలు కక్కుతూ లేపాను. బయటికొస్తే, "భయం పోయిందా?" అన్నారు. పోలేదన్నాను. "మంచిది. పోనివ్వకు. నాకెప్పుడూ పోలేదు" అన్నారు.

ఇన్నేళ్ళూ ఆయన అంత ధైర్యంగా ఉన్నారనుకుని మనం నిద్రపోయాం కదా!

దోన్ ఎరిబెర్తో, మీకు ఏం ఇచ్చినా చాలదు. వల్దీవియా నుంచి బస్సులో, పడవలో ఇంత దూరం వచ్చి వెనక వరుసలో దాక్కున్న రాయేన్‌కు, ఓపిక పట్టిన అధ్యక్షులకు, ఇంతసేపూ విన్న మీకందరికీ నా కృతజ్ఞతలు. ఈ సాయంత్రం కూడా దీవుల వెనక పడవలున్నాయి, నేను గదికి వెళ్ళాలి. మీరు కూర్చుని తినండి దోన్ ఎరిబెర్తో, లేవకండి. ఈ రోజు నుంచి సెలవు మీది. నేను ఈ వేదిక నుంచి మాత్రం తీసుకుంటున్నాను, సెలవు.