సుక్కమ్మ గారి పొయ్యికి మాటిచ్చిన మట్టయ్య గారు

1990 ఆగస్టు 20వ తేదీన కాకినాడ తీరంలోని మా సంస్థ కార్యాలయంలో సహాయకునిగా విధుల్లో చేరిన శ్రీ మట్టయ్య గారు, కోదాడ దగ్గరి అనంతగిరిలో పుట్టి అప్పటిదాకా సముద్రమే చూడనివారైనా, ఇరవై నాలుగేళ్లపాటు కడలి బావుల చెంతనే శ్రమించి, చమురు, సహజవాయువుల వెలికితీతలో ఆరితేరిన అధికారిగా మన్ననలందుకున్నారు.

ఆ వాయువును తరలించే గొట్టపు మార్గం పనులకై 2014లో వారు సూర్యాపేటకు బదిలీ అయ్యారు. పాలకీడులో సుక్కమ్మ గారి ఎకరం పొలం మధ్య నుంచే గొట్టం పోవాలి. కాగితాలు చూపితే ఆమె ముట్టలేదు, ముందు అన్నం తినమన్నారు. ఆయన తిని చేయి కడుక్కున్నాక గానీ వేలిముద్ర వేయలేదు.

"మా ఇంట్ల మెతుకు ముట్టినవ్ సారూ, ఇగ మాట తప్పొద్దు," అన్నారామె.

"తప్పనవ్వా. గ్యాస్ వచ్చిననాడు ముందుగాల నీ పొయ్యే ముట్టిస్తం," అన్నారు మట్టయ్య గారు.

గొట్టం పొలం కింద నుంచి పోయింది, వాయువు నగరానికి పోయింది, సుక్కమ్మ గారి వంటిల్లు మాత్రం కట్టెల పొగలోనే ఉండిపోయింది. ఊరికి లైను వేయమని ఆయన పద్నాలుగు లేఖలు రాశారు. సముద్రంలో కొత్త క్షేత్రాలకు అనుమతులు రానీయండి, అప్పుడు చూద్దామన్నారు పైవారు. అనుమతులు వచ్చాయి, కొత్త బావులు పడ్డాయి, విజయోత్సవ సభలూ జరిగాయి. పాలకీడుకు లైను లాభసాటి కాదని జవాబు వచ్చింది. పొలం తవ్వేటప్పుడు గుర్తురాని లాభనష్టాలు పొయ్యి దగ్గరే గుర్తొచ్చాయా? ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

అంతకన్నా సిగ్గుచేటు మొన్న జరిగింది. ఆయన పదవీ విరమణకై తెస్తున్న ఈ ప్రత్యేక సంచికలో ఫొటో వేయడానికని ప్రధాన కార్యాలయం వారు మిర్యాలగూడలో ఓ స్టవ్ కొని తెచ్చి, సుక్కమ్మ గారి ముందు పెట్టి, లేని గ్యాస్‌కు ఆమెను నవ్వమన్నారు. ముప్పై అయిదేళ్లలో ఎన్నడూ గొంతు పెంచని మట్టయ్య గారు ఆ రోజు పెంచారు.

"నా పేరు మీది పుస్తకంల అబద్ధం అచ్చేస్తరా? ఆ అవ్వకు నేనేం మొఖం సూపియ్యాలె?"

స్టవ్ తీయించారు, ఫొటో ఆపించారు. దానికి కేటాయించిన పేజీలోనే ఈ వ్యాసం అచ్చవుతోంది.

జులై 31న కోదాడలో జరిగే సన్మాన సభకు శాలువా సిద్ధమైంది గానీ, ఆయన మనసంతా ఈ వారమే పంపిన పదిహేనో లేఖ మీదే ఉంది. శ్రీ మట్టయ్య గారు, వారి సతీమణి సత్యవతి గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. సుక్కమ్మ గారికి ఇప్పటికే డెబ్బై ఎనిమిదేళ్లు. ఆమెకూ అంతే ఆయుష్షు కోరుతున్నాం. పైవారి ఫైలు నడిచే తీరుకు ఆమెకే అది ఎక్కువ అవసరం.